ఎడమచేతి కుట్టు

శాలువా కొంగున మిగిలింది రాగిజావ మరక కాదు, నెత్తురని డోరాకు కుంకుడు రసం పోసిన తర్వాత గానీ తెలియలేదు.

జావ మరక తేలిగ్గానే వదిలింది. పొద్దున అత్తగారి చేతిలో గిన్నె ఒలికి ఆ మూల తడిసింది. ఆమె వద్దంటున్నా డోరా శాలువా తీసుకొచ్చి, పెరట్లో పీట వేసుకుని, ఆ ఒక్క కొంగు పళ్లెంలో ముంచి నలుపుతోంది. జావ పోయాక దాని కింద అరచేతి వెడల్పున గోధుమరంగు మరక ఇంకొకటి బయటపడింది. పాత టీ మరక కావచ్చనుకుంది. కానీ అంచు మడిచి కుట్టినచోట, రెండు పొరల మధ్య, ఏదో అట్టకట్టి గట్టిగా తగిలింది. చన్నీళ్లు లోపలికి దిగిన కాసేపటికి మడతలోంచి సన్నగా ఎర్రటి చార సాగి పళ్లెంలో కలిసింది.

శాలువా తెల్లది. దాని మీద కుట్టిన పూలు నీలం, ఆకులు బూడిదరంగు. ఎర్రదారం ఒక్క పోగు కూడా లేదు.

నెత్తుటి బట్ట చన్నీళ్లలోనే ఉతకాలని ఏ ఆడపిల్లకూ రెండోసారి చెప్పనక్కర్లేదు. వేడినీళ్లు పోస్తే మరక బట్టను పట్టుకుని వదలదు. ఈ కొంగు మీద ఎవరో మరిగే నీళ్లు పోశారు. అక్కడ ఉన్ని ముడుచుకుపోయి గరుకెక్కింది. ఉతికినవాడు మగవాడు.

పళ్లెంలో నీళ్లు తులసి మొక్క లేని ఆ పెరట్లో గోడవారగా పారబోసి, డోరా కొంగును తువ్వాలులో ఒత్తింది. లోపలినుంచి అత్తగారు జ్ఞానమణి గొంతు వినిపించింది. ఉతికింది చాలు, తడిగా ఉన్నా ఫర్వాలేదు, తెచ్చి కప్పమంటోంది.

అదే వింత. జ్ఞానమణికి ఏ వస్తువూ ఇన్నాళ్లు నచ్చి ఉండలేదు.

ఆమె బందరు నుంచి మిషన్ పని మీద సికింద్రాబాద్ వచ్చి, బయటికి రాని ముస్లిం ఇళ్ల ఆడవాళ్లకు చదువూ కుట్టుపనీ నేర్పిన మనిషి. జట్కాలో బొల్లారం దాకా తిరిగిన ఆమె, తుంటి విరిగిన తర్వాత లాలాగూడ రైల్వే క్వార్టరులో కిటికీ పక్క కుర్చీకీ మంచానికీ మధ్యే ఉండిపోయింది. ఎవరేం తెచ్చి ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. ముందు అందరూ బాగానే కుడతారు, పని తెలిసేది వెనకనే అంటుంది. షోలాపూర్ దుప్పటి వెనక పోగులు వేలాడుతున్నాయంది. కంటోన్మెంటు వేలంలో కొడుకు తెచ్చిన ఊగే కుర్చీని బోర్లా వేయించి, మేకులు చూసి, తీసుకుపొమ్మంది. ఈ క్రిస్మస్‌కు డోరా రాత్రులు మేలుకుని అల్లిన దిండు లేసును చూసి, ఇది దిండుకా చేపలకా అని అడిగింది.

ఆ తర్వాత డోరా భర్త జకర్యా శాలువా ఇచ్చాడు. ఎప్పట్లాగే రెండు చేతులతో, శిక్షకు నిలబడ్డట్టు నిలబడి ఇచ్చాడు. జ్ఞానమణి వెనక్కి తిప్పింది. బొటనవేలితో కుట్టు వెంట నిదానంగా పోయింది, ఒక పువ్వు దగ్గర ఆగింది, మళ్లీ మొదటికి వచ్చింది.

"బాగుంది," అంది. "కప్పు."

గూడ్సు బండికి గార్డు, నెరిసిన మీసం, తల్లి భుజాల మీద శాలువా మళ్లీ మళ్లీ సర్దాడు. ఆ రాత్రి రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నాడు. మోండా మార్కెట్టులో సోమయ్య దుకాణంలో దొరికిందని డోరాకు తనే చెప్పాడు.

శాలువా ఉతికిన రోజు సాయంత్రం అతను డ్యూటీకి బయల్దేరుతుంటే డోరా గార్డు లాంతరు గాజు తుడిచి ఇచ్చింది. ఎర్రజెండా, పచ్చజెండా మడిచి పెట్టెలో పెట్టింది. మామూలు గొంతుతో, తన అక్క కూడా అలాంటి శాలువా కావాలంటోంది, సోమయ్య దగ్గర ఇంకా ఉన్నాయా అని అడిగింది.

అతను బూటు తాడు కట్టుకుంటూ తల ఎత్తలేదు.

"ఒక్కటే ఉండె," అన్నాడు. "నేను తెచ్చిన గద."

*

మోండా మార్కెట్టు బయట రోడ్డు మీదే గోనెలు పరిచి సామాన్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. సెప్టెంబరులో ఇండియా మిలిటరీ దిగిన తర్వాత జిల్లాల నుంచి ఇవి రావడం మొదలైంది. ఇత్తడి పాన్‌దాన్లు, జరీ అంచు రజాయిలు, పిల్లల వెండి గిన్నెలు. కొన్నింటి మీద ఉర్దూలో పేర్లు చెక్కి ఉన్నాయి. ఎండాకాలమంతా రజాకార్లకు భయపడి ఊళ్లు వదిలి స్టేషన్లో పడుకున్నవాళ్లను డోరా చూసింది. ఇప్పుడు అదే స్టేషన్లో బురఖాల ఆడవాళ్లు పిల్లల్ని చుట్టూ పెట్టుకుని పడుకుంటున్నారు. ఈ గోనెల దగ్గర ఆగి బేరమాడేవాళ్లెవరూ ఇవి ఎవరివని అడగరు.

సోమయ్య ఉన్ని బట్టల దుకాణం లోపలి వరసలో ఉంది. డోరాను చూడగానే దండం పెట్టి, సారు గురించి తనే మొదలుపెట్టాడు. ఆమె శాలువా మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు.

"నేనెక్కడ అమ్మిన్నమ్మా సారుకు? వచ్చిండు, నా దుకాణమంత తిరగేసిండు. ఏది సూపెట్టినా ఎనక తిప్పుడు, మా అమ్మ వద్దంటది అనుడు. ఆఖరికి నేనే అన్న, సారూ, ఆ పెద్దమ్మనే ఒకపారి దుకాణంకు తీస్కరా, ఆమె చూసినంక నేను తాళమేసి ఊరికి పోత అని."

డోరా నవ్వినట్టు ముఖం పెట్టింది.

"ఎన్నడొచ్చిండు?"

"మిలిటరీ దిగక ముంగట. అటెన్క మళ్ల రాలే. పాపం, తల్లికి ఒక బట్ట కొనుక్కపోయేటందుకు అంత పరేషాన్ అయ్యేటోన్ని నేను సూడలే."

ఆమె బయటికి వచ్చి గోనెల దగ్గర చాలాసేపు నిలబడింది. ఇక్కడ కొని ఉంటాడు, అంతే అనుకుంది. దొంగసొత్తని చెబితే తల్లి ముట్టదని దుకాణం పేరు చెప్పి ఉంటాడు. ఆ మాట మనసులో నాలుగైదు సార్లు అనుకుంటే కొంచెం ధైర్యం వచ్చింది. దొంగసొత్తు కొనడం పాపమే. కానీ ఊరంతా చేస్తున్న పాపం. కుప్పలోంచి ఒక రజాయి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అందులోంచి ఎవరి ఇంటి సాంబ్రాణి వాసనో వచ్చింది. మళ్లీ కుప్పలోనే పడేసింది.

ఆమె ధైర్యానికి ఒక్కటే అడ్డం. రోడ్డు మీద అమ్మేవాడు శాలువా ఉతకడు. ఉతికినా, ఆ మరక వదిలించాలని మరిగే నీళ్లు పోయడు.

*

మర్నాడు బొల్లారం పళ్లెం పంపాల్సిన రోజు. ప్రతి క్రిస్మస్‌కూ జ్ఞానమణి తన పాత శిష్యురాలి పుట్టింటికి పిండివంటలు పంపుతుంది. రంజానుకు ఆ ఇంటినుంచి షీర్ ఖుర్మా వస్తుంది. ఊళ్లో గడబిడగా ఉంది, ఈ ఏడు వద్దేమోనని డోరా అంటే జ్ఞానమణి వినలేదు. కుర్చీలోనే కూర్చుని, నూనెలో వేయించిన గులాబీ పువ్వుల్లో విరిగినవి ఏరి పక్కన పెట్టించింది. కేకు ముక్కల అంచులు సమంగా లేవని మళ్లీ కోయించింది. పళ్లెం మీద గుడ్డ తనే కప్పింది.

"మెహరున్నీసా సంగతి అడిగి రా," అంది. "ఏం చెప్పినా, చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పు."

ఆ శిష్యురాలు మెహరున్నీసాను బీదర్ అవతల ఒక ఊరికి ఇచ్చారు. పెళ్లయిన తర్వాత కూడా పుట్టింటికి వచ్చినప్పుడల్లా పరదా కట్టిన జట్కాలో వచ్చి జ్ఞానమణి దగ్గర ఒక పూట కూర్చుని పోయేది.

బొల్లారం బస్సు దిగి డోరా వెళ్లేసరికి ఆ ఇంటి పెద్ద తలుపు ఒక రెక్కే తెరిచి ఉంది. అరుగు మీద మెహరున్నీసా తండ్రి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లేచి సలాం చెప్పే మనిషి, ఈసారి చెయ్యి కొంచెం లేపాడు, మళ్లీ మోకాలి మీద పెట్టేసుకున్నాడు. లోపల ఆమె తల్లి డోరాను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకున్నారు.

సెప్టెంబరు నుంచి కూతురి జాడ లేదని చెప్పింది తల్లి. ఆ ఊళ్లో మగవాళ్లు మిగల్లేదని మాత్రం ఎవరో వచ్చి చెప్పారట. అల్లుడి పేరు ఎత్తేటప్పుడు ఆమె గొంతు తగ్గించింది. కూతురు మాత్రం ఇల్లు దాటి స్టేషన్ వైపు పరిగెత్తిందట, అది చూసినవాళ్లున్నారట. స్టేషన్ దాకా వచ్చిందంటే రైలెక్కే ఉంటుంది కదా అని డోరాను అడిగింది. డోరా తల ఊపింది.

జకర్యాది ఆ లైనే. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. కిందటి నెలలో తనే వచ్చి ఈ అరుగు మీదే కూర్చున్నాడట. ప్రతి స్టేషన్లో అడుగుతున్నానని, ఎవరికీ ఏమీ తెలియదని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లాడట. ఎంత మంచివాడో అని ఆమె కళ్లు తుడుచుకుంది. అతను ఇక్కడికి వచ్చినట్టు డోరాకు తెలియదు.

తర్వాత తల్లి మాట ఆగకుండా కూతురి మీదే నడిచింది. రంజానుకు వచ్చినప్పుడు ఒళ్లో శాలువా పెట్టుకుని ఒకటే కుట్టు. తెల్ల ఉన్ని, నీలం పూలు. ఎవరికే అంటే, చదువు చెప్పిన ఉస్తానీకి, ఈ క్రిస్మస్‌కు అందట. ఉపవాసం ఉండి, కళ్లు మండుతున్నా, కుట్టింది విప్పడం, మళ్లీ కుట్టడం.

"ముందు ఎంత బాగుందే, చాలు అన్నాను. వెనక ఒక్క ముడి కనబడ్డా ఉస్తానీ విసిరికొడుతుందమ్మీ అంది." తల్లి ఆ మాటకు నవ్వింది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇచ్చి ఉంటే ఏమనేదో ఉస్తానీ."

డోరా చేతిలో టీకప్పు కింద పెట్టేసింది.

చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. ఆ శాలువా మా ఇంట్లో ఉంది అని. అంటే ఈమె వెంటనే అడిగేది ఒక్కటే: మరి నా పిల్ల ఏది? జవాబు తెలిసినవాడు ఆ అరుగు మీదే కూర్చుని అబద్ధం చెప్పి వెళ్లాడు.

పళ్లెం ఖాళీగా తిప్పి పంపడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. తల్లి వంటింట్లోకి వెళ్లి పళ్లెం కడిగి, ఉన్నవేవో ఖర్జూరాలు పెట్టి, అదే గుడ్డ కప్పి ఇచ్చింది. తలుపు దాకా వచ్చి, జకర్యాను ఇంకొక్కసారి అడగమని చెప్పింది.

*

డోరా ఇంటికి వచ్చేసరికి జ్ఞానమణి కిటికీ పక్క కుర్చీలో ఉంది. శాలువా భుజాల మీద కాక ఒళ్లో బోర్లా పరుచుకుని ఉంది. పళ్లెం మీద గుడ్డ తీసి ఖర్జూరాలు చూసింది. ఒక్కటీ తీసుకోలేదు.

"ఏమంది?"

డోరా జాడ తెలియలేదని మాత్రం చెప్పి ఆగింది.

"నీలం పూలని చెప్పలేదా?"

డోరా మంచం అంచున కూర్చుంది. జ్ఞానమణి ఆమె చెయ్యి పట్టుకుని లాగి, ఆ వేలు శాలువా వెనక కుట్టు మీద పెట్టించింది. కుట్లన్నీ ఒకే కొలతగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. కానీ అన్నీ మామూలు కుట్టుకు ఎదురువైపు వాలి ఉన్నాయి.

"ఎడమచేత్తో కుట్టింది. చిన్నప్పుడు ఆ చేతికి రిబ్బను కట్టి కూర్చోబెట్టాను. రిబ్బను పళ్లతో కొరికేసింది. నేను ఓడిపోయి వదిలేసింది దాన్నొక్కదాన్నే." ఆమె శాలువా సరిచేసుకుంది. "నువ్వు కడిగిన మూల కూడా నాకు తెలుసు. వేలికి తగులుతూనే ఉంది."

"ఎప్పటి నుంచి తెలుసత్తమ్మా?"

"వాడు ఇచ్చినప్పుడే. వెనక తిప్పగానే."

డోరాకు అప్పుడు ఇంకొక సంగతి తట్టింది. ఆ ఇంట్లో ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థన జ్ఞానమణే చేస్తుంది, జ్వరంలో కూడా మానదు. క్రిస్మస్ నుంచి చేయలేదు. గొంతు బాగాలేదంటోంది.

ఆయన రాగానే తను అడుగుతానంది డోరా. జ్ఞానమణి వద్దంది.

"నువ్వు అడిగితే నీకో కథ చెప్తాడు. ఇప్పటికే ఒకటి చెప్పి ఉంటాడు. బాగుందని నేనన్నది ఎందుకనుకున్నావ్? ఆ మాట విన్నాకైనా సిగ్గుపడి చెప్తాడని. వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఎవరితోనో అన్నట్టు, వాడి చిన్నప్పుడు వాడు తెచ్చింది ఏదైనా ఒక్కటి ఉంచుకోవాల్సింది అంది.

*

జకర్యా మరుసటి రోజు సాయంత్రం దీపాల వేళకు వచ్చాడు. పెట్టె గుమ్మంలో దించి, బూట్లు కూడా విప్పకుండా తిన్నగా తల్లి దగ్గరికి వెళ్లాడు. ఈల వేసుకుంటూ వచ్చాడు. జేబులోంచి ఉన్ని మేజోళ్ల జత తీశాడు. ఆమె అడగకముందే వాటిని లోపలివైపు బయటికి తిప్పి పట్టుకున్నాడు.

"చూడమ్మా. ఒక్క పోగు సుత లేస్త లేదు. దుకాణంల నిలబడి అంత చూసినంకనే తెచ్చిన."

జ్ఞానమణి మేజోళ్లు ముట్టలేదు.

"ప్రార్థన వేళయింది," అంది. "డోరా, చాప వెయ్యి."

గొంతు నయమైందా అని అతను సంతోషంగా అడిగాడు. డోరా చాప పరిచింది. దీపం వత్తి సరిచేసి బల్ల మీద పెట్టింది. జకర్యా మేజోళ్లు జేబులో పెట్టుకుని, కుర్చీ ముందు మోకరించి, అలవాటుగా తల వంచాడు. డోరా అతని పక్కన కాక గోడ దగ్గర మోకరించింది.

"ఇవాళ నువ్వు చెయ్యి," అంది తల్లి.

అతను కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నాడు. పరలోకమందున్న తండ్రీ అని మొదలుపెట్టి, ఈ ఏడంతా కాపాడినందుకు, తల్లికి ఆరోగ్యమిచ్చినందుకు అని అలవాటైన వరసలో సాగుతున్నాడు. జ్ఞానమణి భుజాల మీది శాలువా తీసింది. వెనక వైపు పైకి వచ్చేలా మడిచి, అతని జోడించిన చేతుల మీద పెట్టింది.

"దీన్ని కుట్టిన చేతి కోసం ప్రార్థించు," అంది. "పేరు పెట్టి."

ప్రార్థన ఆగింది. అతను కళ్లు తెరిచి శాలువా చూశాడు, తర్వాత డోరాను చూశాడు. డోరా తల తిప్పుకోలేదు. బయట షంటింగు ఇంజను ఒకటి ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ఆగింది. అతను లేవబోయాడు. తల్లి చెయ్యి శాలువా మీద, శాలువా కింద అతని చేతుల మీద ఉంది. అది బరువైన చెయ్యి కాదు. అయినా అతను లేవలేకపోయాడు.

"నేనెవర్ని చంపలేదమ్మా," అన్నాడు. "దేవుని తోడు. నేను ఎవరి మీద చెయ్యి ఎత్తలే. బండికి సిగ్నల్ లేక ఆ స్టేషన్ల ఆపిండ్రు. పొద్దుగూకింది. ఊరి దిక్కు పొగ లేస్తుండె. కట్ట మీదికెళ్లి ఒక ఆడమనిషి ఉరికొచ్చింది, బురఖా లేదు, చెప్పుల్లేవు. నేను గుర్తువట్టలే. ఆమెనే నన్ను గుర్తువట్టింది. జకర్యా భాయ్ అన్నది.

చెయ్యి తెగి ఉండె. సంకల ఈ మూట ఉండె. ఇది ఉస్తానీది అని నా చేతిల పెట్టింది, నన్ను సుత ఆమె కాడికి తీస్కపో అన్నది. గార్డు డబ్బాల బయటి మనిషిని ఎక్కించుకుంటే నౌకరి పోతది అన్న. అప్పటికి వెనక మంది అవుపడ్డరు, కట్టెలు పట్టుకొని. డబ్బాలకు వస్తే నన్ను సుత కొడతరు అనుకున్న. సిగ్నల్ పడ్డది. ఆమె కడ్డీ పట్టుకున్నది, ఎడమచేత్తోని. నేను... ఆ వేళ్లు నేనే విప్పిన. ఒక్కొక్కటి విప్పిన. పచ్చజెండా ఊపిన.

ఆమె ఒర్రలే అమ్మా. కట్ట మీద నిలబడి చూసింది, అంతే. అటెన్క ఏమైందో నాకు ఎర్క లేదు, నిజంగ ఎర్క లేదు. బొల్లారం పోయి చెప్దామనే పోయిన, కూసున్న, నోరు రాలే.

పారేద్దామనుకున్న దీన్ని. పారేసేటోన్నే. బండి నడిచినంక లాంతరు కాడ పెట్టి ఎనక తిప్పి చూసిన. ఒక్క ముడి లేదు, ఒక్క పోగు వేలాడుత లేదు. దీన్ని అమ్మ వద్దనదు అనుకున్న."